‘పాములు రావు’ అన్న గ్యారంటీకి ఒక స్టార్, పాములు పట్టే అబ్బాయికి నాలుగు

విశాఖలో సాగర్‌నగర్, ఎండాడ, రుషికొండ వైపు ఫ్లాట్ కొన్నవాళ్లూ, అద్దెకి దిగబోయేవాళ్లూ ఇది ఒకసారి చదవండి. బ్రోకర్లు సీ వ్యూ చూపిస్తారు. కాస్త నిజాయితీ ఉన్నవాళ్లయితే ఉప్పుగాలికి ఏసీ, గ్రిల్స్ ఏవీ నిలవవని కూడా చెబుతారు. పాముల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. గృహప్రవేశం అయ్యాక వాచ్‌మన్ చెబుతాడు.

మా అపార్ట్‌మెంట్‌కి ఎదురుగా బీచ్ రోడ్డు, వెనక తుప్పలు పెరిగిన ఖాళీ ప్లాట్లు, ప్రహరీ పక్కనుంచి సముద్రంలోకి పోయే గెడ్డ. ఇంకొంచెం పైకి వెళితే జూ. హైవే దాటితే కంబాలకొండ అభయారణ్యం, 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. ఈ మధ్యలో మనం వచ్చి ఇళ్లు కట్టుకున్నాం. వానలు పడి గెడ్డ నిండిందంటే గట్టు బొరియల్లో ఉన్నవన్నీ పొడి నేల వెతుక్కుంటూ పైకి వస్తాయి. మాకు ఎక్కువగా కనిపించేవి జెర్రిపోతు, నీరుకట్టె. వాటికి విషం లేదు. నాగుపామో, రక్తపింజరో వచ్చినప్పుడే టెన్షన్.

నేను అసోసియేషన్ ట్రెజరర్‌ని. డబ్బు ఎటు పోయిందో బిల్లులతో సహా నా ఫైల్లో ఉంది కాబట్టి, మేం వాడిన రెండు సర్వీసుల గురించీ చెబుతాను.

మొదటిది ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీ. వానలకి ముందు ‘స్నేక్ ప్రూఫ్ ప్యాకేజీ’ అని 18,000 రూపాయలు తీసుకుని, ఏడాదిపాటు కాంపౌండ్‌లో పాము కనిపించదని లామినేట్ చేసిన కార్డు ఇచ్చారు. ప్రహరీ పొడుగునా గంధకం పొడి చల్లారు. మూలమూలనా కార్బాలిక్ యాసిడ్ సీసాలు మూతలు తీసి పెట్టారు. లాన్‌లో సోలార్‌తో నడిచే కర్రలు పాతారు, అవి ఉండుండి బుర్రుమంటాయి. యాసిడ్ కంపుకి గ్రౌండ్ ఫ్లోర్‌వాళ్లు కిటికీలు తీయడం మానేశారు. మొక్కలకి నీళ్లు పెట్టే కుర్రాడు ఒలికిన సీసా తీయబోతే చేతి మీద బొబ్బలు లేచాయి. ఇక గంధకం పొడి మొదటి వానకే గెడ్డలో కలిసింది.

పాముకి బయటి చెవులు లేవు. నేల అదురు దవడ ఎముక ద్వారా దానికి తెలుస్తుంది. కర్ర ఒకే తీరున అదురుతూ ఉంటే కొన్నాళ్లకి అలవాటు పడిపోతుంది, మనం ఫ్రిజ్ చప్పుడుకి అలవాటు పడినట్టు. వాసనల సంగతీ అంతే. ఎలుక వాసన తగిలిన చోటికి అది రాకుండా ఆపగల సీసా ఏదీ లేదు. ఇదంతా నేను పుస్తకం చూసి చెప్పట్లేదు. ఆగస్టులో మా మోటార్ రూమ్ పక్కన నాగుపాము చుట్టలు చుట్టుకుని పడుకున్న చోటు నుంచి ఆ బుర్రుమనే కర్ర మూరెడు దూరం కూడా లేదు.

ఫోటో తీసి కంపెనీవాళ్లకి పంపించాం. జవాబు యథాతథంగా రాస్తున్నాను: “మా గ్యారంటీ బయటనుంచి వచ్చే పాములకండీ, ఇది లోపలే పుట్టి ఉంటుంది.” ఆ పాము పుట్టిన చోటు వాళ్లకి ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఒక స్టార్, అదీ సున్నా ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి.

ఇక రెండో సర్వీసు. ఆ రోజు పొద్దున్నే వాచ్‌మన్ తలుపు కొట్టి, “అమ్మా, మోటారు రూం కాడ నాగుపామండి, పడగిప్పీసింది, బేగి రండి” అన్నాడు. నేను దిగేసరికి మూడో ఫ్లోర్ పెద్దాయన అప్పటికే బీచ్‌లో వాకింగ్‌కి తీసుకెళ్లే కర్రతో రెడీగా ఉన్నారు. వాచ్‌మన్ ఎవరికో ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. అవతల కుర్ర గొంతు: “కర్ర పక్కన పడేయమనండి మేడమ్. ఇద్దరు ముగ్గురు దూరంగా నిలబడి చూపు తిప్పకుండా ఉండండి. అది ఎటు పోయిందో తెలియకపోతే నేనొచ్చీ లాభం లేదు. మిగతా అందరినీ పైకి పంపేయండి.” నాకు నచ్చిన మొదటి సంగతి ఇది. వచ్చేలోపు మేం ఏం చేయాలో చెప్పాడు.

రావడం మాత్రం ఆలస్యమైంది. గోపాలపట్నం నుంచి బైక్ మీద, అదీ హనుమంతవాక జంక్షన్ దాటి రావాలి. నలభై నిమిషాలు మేం దానివైపూ అది మావైపూ చూసుకుంటూ గడిపాం.

పట్టిన తీరు చూడవలసిందే. నల్లగుడ్డ సంచి, దాని మూతికి అడుగు పొడుగు పీవీసీ పైపు. సంచిని గోడ మూలకి ఆనించి, పైపు నోరు పాము వైపు పెట్టి, హుక్కుతో తోక వైపు మెల్లగా కదిపాడు. అది బుస్సుమని లేచింది. పడగ వెనక కళ్లజోడు గుర్తు స్పష్టంగా కనిపించింది. ఈ అబ్బాయి కదల్లేదు. ఎవరూ మీదికి రావట్లేదని తెలిశాక పడగ దించి, గోడ వెంబడి పాకి, చీకటిగా కనిపించిన పైపు నోట్లో తల పెట్టింది. ఆగింది. నాలుక ఆడించింది. తర్వాత ఒళ్లంతా లోపలికి జారిపోయింది. తోక కొస కూడా మాయమయ్యాక సంచి మూతి మెలిపెట్టి కట్టేశాడు. చేత్తో ముట్టుకోనే లేదు.

“ఒక్క దెబ్బ వేస్తే పోయేదానికి ఇంత హంగామా ఎందుకు బాబూ?” అన్నారు మూడో ఫ్లోర్ పెద్దాయన. “ఇది పులితో సమానం సార్. వన్యప్రాణి రక్షణ చట్టం 2022లో మార్చాక నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు కూడా మొదటి షెడ్యూల్‌లోకి వచ్చాయి. చంపితే తక్కువలో తక్కువ మూడేళ్లు జైలు” అన్నాడు. పెద్దాయన మళ్లీ మాట్లాడలేదు. కార్తీక మాసంలో నాగుల చవితికి పాలూ చిమ్మిలీ పట్టుకుని పుట్ట వెతుక్కుంటూ కారులో వెళ్లేదీ ఆ కుటుంబమే. పాము పాలు తాగదని మళ్లీ ఎవరైనా చెప్పాలేమో.

అసలు మేం ఇచ్చిన డబ్బుకి విలువ వచ్చింది దీని తర్వాతే. సంచిని నీడలో పెట్టి, కాంపౌండ్ అంతా ఒక చుట్టు తిరిగాడు. మోటార్ రూమ్ వెనక ఎలుక బొరియలు. రీమోడలింగ్ చేసినవాళ్లు పారేసిన టైల్స్, పగిలిన కమోడ్లు ఒక గుట్ట. వాననీటి గొట్టాలు గెడ్డ వైపు తెరుచుకునే చోట జాలీ లేదు. టెర్రస్ మీద ఒకావిడ పావురాలకి రోజూ గింజలు వేస్తారు, అవి కింద రాలతాయి, వాటికి ఎలుకలు, ఎలుకలకి ఇది. “మీరు పావురాలకనుకుంటున్నారు మేడమ్, మేపేది వీటినే” అన్నాడు. ఆవిడకి కోపం వచ్చింది కానీ గింజలు ఆగాయి.

జాలీ గురించి చెప్పినది రాసిపెట్టుకోండి. అరంగుళం జాలీ పనికిరాదు, గుడ్డులోంచి వచ్చిన నాగుపాము పిల్ల చిటికెన వేలంత లావు కూడా ఉండదు, పుడుతూనే విషం ఉంటుంది. పావు అంగుళం కావాలి. మామూలు ఇనపది మన ఉప్పుగాలికి రెండు సీజన్లు నిలవదు, స్టెయిన్‌లెస్ స్టీల్‌దే వేయించండి. షట్టర్ల కింద సందులకి రబ్బరు పట్టీలు. జాలీకీ, పట్టీలకీ, చెత్త ఎత్తించడానికీ కలిపి మాకు 11,000 అయింది. ఆ లామినేట్ కార్డు ఖరీదు కంటే తక్కువ.

కాటు పడితే ఏం చేయాలో కూడా చెప్పాడు. గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, కాటు పడిన చేయో కాలో కదపకుండా 108కి ఫోన్ చేసి కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి. మన దగ్గర దొరికే యాంటీ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నిద్రలో కరిస్తే నొప్పి కూడా సరిగ్గా తెలియదు. అందుకే వాచ్‌మన్‌ని నేల మీద పడుకోబెట్టొద్దన్నాడు. మంచం, దోమతెర అసోసియేషన్ డబ్బుతోనే కొన్నాం, ఎవరూ అడ్డు చెప్పలేదు.

బీచ్ రోడ్డు వాళ్లకి దీనికి అదనంగా ఇంకొకటి ఉంది. జోడుగుళ్లపాలెం వైపు అలివి వల లాగినప్పుడు చేపలతోపాటు సముద్రపు పాములూ వస్తాయి. ఒడ్డున పడేసిన వాటి చుట్టూ మన పిల్లలు చేరతారు. తోక తెడ్డులా చదునుగా ఉంటే అది సముద్రపు పామే, విషం ఉన్నదే. పైన చెప్పిన యాంటీ వెనమ్ దానికి పనిచేయదు. నెమ్మదిగా ఉందని ముట్టుకోవద్దు. ఇది మాకెవరూ చెప్పలేదు, ఈ అబ్బాయే చెప్పాడు.

ఇక స్టార్ ఎందుకు తగ్గించానంటే. పని మొత్తం అంత పద్ధతిగా చేసి, చివర్లో మా కుర్రాళ్లు “అన్నా, ఒక్క రీల్” అనగానే సంచి విప్పి, తోక పట్టుకుని బయటికి తీసి, పడగ విప్పించి చూపించాడు. పిల్లలు చుట్టూ ఉన్నారు. అప్పటిదాకా ముట్టుకోకుండా పట్టినదాన్ని వీడియో కోసం ముట్టుకోవడం నాకు నచ్చలేదు, మొహం మీదే చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. రేటు కూడా ముందు చెప్పడు. మా దగ్గర 1,500 తీసుకున్నాడు, పక్క వీధిలో రాత్రిపూట వెళ్లి 2,500 తీసుకున్నాడట. రసీదు ఇవ్వడు. ట్రెజరర్‌కి ఇదొక తలనొప్పి.

పాముని కంబాలకొండ వైపు వదులుతానన్నాడు. ఫారెస్ట్ వాళ్ల అనుమతి కాగితం అడిగితే తీసి చూపించాడు. మీరూ తప్పకుండా అడగండి. అనుమతి లేకుండా పట్టడం కూడా నేరమే, పిలిచి పట్టించినవాళ్లకీ చుట్టుకుంటుంది. కొందరు వీటిని సీసాల్లో వేసి ఇంట్లో దాస్తారని విన్నాను, అలాంటివాళ్లకి ఫోన్ చేయకండి.

నంబర్ ఇక్కడ పెట్టట్లేదు, అతన్ని అడగకుండా పెట్టడం బాగుండదు. సాగర్‌నగర్‌లో ఏ వాచ్‌మన్‌ని అడిగినా ఇస్తాడు. కంపెనీవాళ్లు మాత్రం రెన్యువల్‌కి ఫోన్లు చేస్తున్నారు, ఈసారి 10 శాతం డిస్కౌంట్ అట.