టవర్ క్లాక్ దగ్గర డీటీపీ షాపు, మా సైన్స్ ఫిక్షన్ వేసవి

అనంతపురంలో తెలుగు పుస్తకాన్ని యాభై, అరవై కాపీలు మాత్రమే వేయించాలంటే ఎక్కడికి పోవాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. నేను తెలుగు సైన్స్ ఫిక్షన్ మీద పరిశోధన చేస్తున్నా, కథలు కూడా రాస్తా. ఈ వేసవిలో ఆదివారం సాయంత్రాలు ఏడెనిమిది మందిమి ఒక ఫ్రెండ్ మిద్దె మీద కూర్చొని (మే నెలలో పొద్దుగూకకముందు ఆ మిద్దె మీద కాలు పెట్టలేం) కథలు చదువుకున్నాం, చివరికి అందరివీ కలిపి 48 పేజీల చిన్న పుస్తకం చేద్దామనుకున్నాం. దాన్ని వేసింది టవర్ క్లాక్ దగ్గర సందులో ఉన్న ఒక డీటీపీ షాపు.

ముందు మంచి సంగతులు. మేం ఫోన్లో యూనికోడ్‌లో కొట్టిన కథల్ని పాత ఫాంటులోకి మారిస్తే ఒత్తులన్నీ చెదిరిపోతాయని భయపడ్డాం, అక్కడ టైప్ చేసే అమ్మాయి మార్చడమే వద్దని మొత్తం మళ్లీ కొట్టింది, పేజీకి 20 రూపాయలు. కథలో ఏముందో ఆమె అసలు పట్టించుకోదు, అందుకే తప్పులు తక్కువ. "కృష్ణబిలం" (బ్లాక్ హోల్) అన్న మాట చూసి "భక్తి పుస్తకమా మేడం" అని ఒక్కసారి అడిగింది, అంతే.

తిప్పలు తెచ్చింది ఓనరన్న. ఆయన చదువుతాడు! నా కథ అంగారకుడి మీద జరుగుతుంది, అందులో పొద్దుగూకే వేళ ఆకాశం నీలంగా ఉందని రాశా. అది నిజం కూడా. అక్కడి గాల్లో తేలే సన్నటి దుమ్ములోంచి నీలి కాంతే ఎక్కువగా నేరుగా మనవైపు వస్తుంది కాబట్టి, పగలంతా మట్టిరంగులో ఉండే ఆకాశం సాయంత్రం సూర్యుడి చుట్టూ నీలంగా కనిపిస్తుంది, 2015లో క్యూరియాసిటీ రోవర్ రంగుల ఫొటోలు కూడా పంపింది. ఈయన నేను ప్రూఫ్ ఓకే చేసి పోయినాక "నీలంగా" తీసేసి "ఎర్రగా" పెట్టేశాడు. అడిగితే "సాయంత్రం నీలమేంది మేడం, మీ టైపింగ్ తప్పనుకుంటి" అన్నాడు. నిష్ఠూరమాడాలో నవ్వాలో తెలియలేదు.

అప్పటికే 20 కాపీలకు పిన్నులు కొట్టేశారు. తప్పు 18వ పేజీలో. ఏ4 కాగితాన్ని మడిచి సెంటర్ పిన్ కొడతారు కదా, ఒక కాగితం మీద నాలుగు పేజీలు పడతాయి, కాబట్టి 18 మార్చాలంటే 17, 31, 32 కూడా మళ్లీ వేయాలి. ఆయనే కూర్చొని పిన్నులు ఒక్కొక్కటే గోటితో లేపి, కాగితం మార్చి మళ్లీ కొట్టాడు, దానికి పైసా తీసుకోలేదు. ఆ 20 కాపీల అట్టల మీద పాత పిన్నుల చిల్లులు మాత్రం అట్లే ఉన్నాయి, అవి మేమే ఉంచుకున్నాం.

లెక్క: టైపింగ్ 960, కాగితం జిరాక్స్‌తో కలిపి 1440, అట్టలు 600, పిన్నింగ్ 120. 60 కాపీలకు మొత్తం 3120, అంటే ఒక్కోటి 52 రూపాయలు పడింది. ఇందులో 500 వెనకట్ట మీద ప్రకటనకు ఒక గానుగనూనె షాపు ఇచ్చింది. ఆ ఐడియా మాది కాదు, జగదీశ్ చంద్ర బోస్ కాలం నాటిది. 1896లో ఒక తలనూనె కంపెనీ పెట్టిన కథల పోటీకి ఆయన బెంగాలీలో కథ పంపాడు, సముద్రంలో నూనె పోస్తే తుఫాను అణిగిపోయే కథ, దానికే బహుమతి వచ్చింది. మిద్దె మీద మొదటి ఆదివారం అదే చదివాం. మనది శెనక్కాయల జిల్లా, నూనెకు కొదవేముంది అనుకొని అడిగితే ఆ షాపాయన కథ అంతా విని డబ్బులిచ్చాడు.

ఆ డీటీపీ షాపుకు ఐదుకు నాలుగు స్టార్లు. పొద్దున పదకొండు లోపల పోండి, తర్వాత పెళ్లి కార్డులోళ్లు, హాల్‌టికెట్ల పిల్లోళ్లు వచ్చేస్తారు. చివరి ప్రూఫ్ మీద సంతకం పెట్టి, దాన్ని ఫోన్లో ఫొటో తీసుకొని, మొదటి కాపీ చేతికొచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దు. మా రెండో పుస్తకం కూడా అక్కడే ఇస్తున్నాం, ఈసారి కథ శనిగ్రహం మీద. ఓనరన్న అప్పుడే అడిగాడు, ఆ ఉంగరాలు నిజంగా ఉంటాయా మేడం అని.