పాత ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు ఉన్నవాళ్లకి: పుదుపేట దగ్గర మేస్త్రి షెడ్డు

చెన్నైలో స్పిట్‌ఫైర్‌ని (ఇంగ్లండ్‌లో తయారైన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు) నమ్మి అప్పగించగల చోటు నాకు తెలిసి ఇదొక్కటే. నాది 1965 మార్క్ 2, 1147 సీసీ ఇంజిన్. స్టీరింగ్ తిప్పితే బిగుసుకుపోతోందని తీసుకెళ్లాను. బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకి లేస్తుంది కదా, అది లేపగానే మేస్త్రి ముందు చక్రాల దగ్గరున్న ఇత్తడి ట్రనియన్లు (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరగడానికి ఉండే మర కీళ్లు) చూశాడు. "సార్, ఇందులో గ్రీజు కూరారు, దీనికి పోయాల్సింది 90 నంబర్ గేర్ ఆయిల్" అన్నాడు. అంతకుముందు వేరే గ్యారేజీలో చేసిన పని అది. ఆయిల్ లేక మర అరిగి విరిగితే నడుస్తున్న బండికి చక్రం పక్కకి పడిపోతుంది, తలచుకుంటేనే భయమేస్తుంది.

పార్టులు ఇంగ్లండ్ నుంచి తెప్పించాలేమో అని టెన్షన్ పడ్డాను. కానీ స్పిట్‌ఫైర్ పుట్టిందే ట్రయంఫ్ వాళ్ల హెరాల్డ్ అనే కారు ఛాసిస్ నుంచి, ఆ హెరాల్డ్‌ని 1961 నుంచి మద్రాసులోనే స్టాండర్డ్ కంపెనీ తయారు చేసింది, ముందు సస్పెన్షన్‌లో చాలా భాగాలు కలుస్తాయి. పుదుపేట పాత సామాన్ల కొట్లలో వెతికి మంచి ట్రనియన్ల జత పట్టుకొచ్చాడు.

రెండు ఎస్‌యూ కార్బురేటర్లనీ (ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపేవి) చెవికి రబ్బరు గొట్టం పెట్టుకుని, గాలి పీల్చే చప్పుడు సమానమయ్యేదాకా సరిచేశాడు. ఇంత ఓపికున్న మనిషిని నేను చూడలేదు.

ఖర్చు ముందే చెప్పడు, అది నాకు నచ్చలేదు. చెప్పిన తేదీకి బండి రాదు. షెడ్డులో చోటు తక్కువ, వానాకాలం టాప్ లేని బండి వదలకండి.