ఒక్క మోకాలు, రెండు రిపోర్టులు (5కి 3 స్టార్లు)

గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ సెంటర్లకి కొదవేం లేదు. పోయిన నెల మా తమ్ముడికి అక్కడే ఒకదాంట్లో మోకాలి ఎమ్మారై తీయించాం. పేరు మాత్రం రాయను, తప్పు చేసిందీ వాళ్ళే, దిద్దిందీ వాళ్ళే.

వాడికి 26. చిన్నప్పటినుంచీ మోకాళ్ళ దగ్గర, భుజాల దగ్గర ఎముకల మీద బుడిపెలు. నాన్నకీ ఉన్నాయి. మల్టిపుల్ ఎక్సోస్టోసిస్ అంటారు, తల్లికో తండ్రికో ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. నాకు రాలేదు, వాడికి వచ్చింది. ఒళ్ళు ఎదగడం ఆగాక ఇవీ ఆగిపోవాలి, కానీ కుడి మోకాలి వెనక ఉన్నది ఈమధ్య ఉబ్బి నొప్పి మొదలైంది. ఇంక ఇంట్లో టెన్షన్ చూడాలి.

ఏడింటికి రమ్మని పదిన్నరకి పిలిచారు. టెక్నీషియన్ కుర్రాడు ఓపికమంతుడు. కానీ ఫారంలో 'మోకాలి నొప్పి' అని ఒక్క ముక్క రాసుకున్నారు, సంచీలో ఉన్న పాత ఎక్స్‌రేలు వాళ్ళు అడగలేదు, మాకూ తట్టలేదు.

సాయంత్రం రిపోర్టులో 3 సెంటీమీటర్ల గడ్డ, క్యాన్సర్ కాదని చెప్పలేం అని ఉంది. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఎముకల డాక్టరు గారు చూసి, "క్యాప్ ఎంత మందం ఉందో రాయలేదేంటమ్మా, మళ్ళీ చూడమను" అన్నారు. బుడిపె పైన లేత కొబ్బరిలా మృదులాస్థి పొర ఉంటుంది, అదే క్యాప్. పెద్దవాళ్ళలో అది 2 సెంటీమీటర్లు దాటితే కాండ్రోసార్కోమా అనే క్యాన్సర్ ఏమోనని అనుమానిస్తారు. చిక్కేంటంటే, బుడిపె ఒరుసుకుని పైన నీటితిత్తి కడితే, ఎమ్మారైలో కొన్ని ఫిల్ముల్లో నీరూ తెల్లగానే, క్యాప్ కూడా తెల్లగానే కనిపిస్తాయి, రెండూ కలిపి కొలిస్తే ఇదిగో ఇలా గుండె ఆగుతుంది.

కౌంటర్లో అమ్మాయి "రిపోర్ట్ మారదు మేడం" అంది. గొడవపడితే సీనియర్ రేడియాలజిస్టు బయటికొచ్చారు, పాత ఎక్స్‌రేలన్నీ పరుచుకుని చూశారు, కాంట్రాస్ట్ అని స్కాన్‌లో తేడా తెలియడానికి నరంలోకి ఎక్కించే మందు ఇచ్చి మళ్ళీ తీయించారు, మందు ఖర్చు తప్ప పైసా తీసుకోలేదు. క్యాప్ 6 మిల్లీమీటర్లే, మిగతాదంతా నీటితిత్తి! స్క్రీన్ మీద మాకు వేలుపెట్టి మరీ చూపించారు, ఆయన కోసమే మూడో స్టార్.

మామూలు లిగమెంటు దెబ్బలకైతే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. ఇలాంటి జబ్బైతే ఫారంలో దాని పేరు మీరే రాయించండి, పాత ఫిల్ములు చేతికివ్వండి, క్యాప్ మందం మిల్లీమీటర్లలో రాయమని ముందే అడగండి. పార్కింగ్ లేదు, ఆటోలో వెళ్ళడం మేలు.