పాత బిట్‌కాయిన్ వాలెట్ తెరవడానికి బీటీసీ రికవర్ ఎంతవరకు పనికొస్తుంది?

పాస్‌వర్డ్ సగం గుర్తుండి, మిగతా సగం దగ్గర ఆగిపోయినవాళ్లు ముందుగా చూడాల్సిన టూల్ ఇదే. మీరిచ్చిన ముక్కలతో పాస్‌వర్డ్‌లు తయారుచేసి, వాలెట్ మీద ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్స్, పైథాన్ 3 మీద నడుస్తుంది. బిట్‌కాయిన్ కోర్, మల్టీబిట్, ఎలక్ట్రమ్ వాలెట్లన్నీ దీనికి తెలుసు. అసలేమీ గుర్తులేనివాళ్లకు మాత్రం దీంతో ఒరిగేదేమీ లేదు.

బిట్‌కాయిన్ కోర్ వాలెట్ ఫైలు విండోస్‌లో మామూలుగా యాప్‌డేటా, రోమింగ్ లోపలి బిట్‌కాయిన్ ఫోల్డర్‌లో ఉంటుంది. రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, కాపీ మీదే పని చేయండి. ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ తీసేయండి.

దీని ప్రాణమంతా టోకెన్ లిస్టు అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంది. పాస్‌వర్డ్‌లో చార్మినార్ అన్న మాట, ఒక సంవత్సరం, ఒక గుర్తు ఉన్నాయనుకోండి. మొదటి లైన్లో ఆ మాటను ఇంగ్లిష్‌లో పెద్ద సీతో (Charminar), చిన్న సీతో (charminar) మధ్యలో స్పేస్ ఇచ్చి రాయాలి. రెండో లైన్లో 1987 87. మూడో లైన్లో @ #. ఒక లైన్లోంచి ఒక్క ముక్కకు మించి తీసుకోదు. ఇలాగే వదిలేస్తే 78 పాస్‌వర్డ్‌లు తయారవుతాయి. ప్రతి లైను మొదట్లో + పెట్టి స్పేస్ ఇస్తే మూడూ తప్పనిసరై 48కి దిగుతాయి. మాటే ముందొస్తుందని నమ్మకముంటే దాని రెండు రూపాలకూ ^ తగిలించండి, 16 చాలు. పాస్‌వర్డ్‌లోనే % ఉంటే %% అని రాయాలి, లేకపోతే టూల్ దాన్ని వేరే అర్థంలో తీసుకుంటుంది. వాలెట్ మీద వదిలే ముందు తయారైన పాస్‌వర్డ్‌లను తెరమీద చూపించమని అడగవచ్చు. ఈ ఒక్క మెట్టూ దాటేయకండి.

టైపింగ్ తప్పుల ఆప్షన్‌ను ఆచితూచి వాడాలి. 10 అక్షరాల పాస్‌వర్డ్‌లో ఏ రెండు అక్షరాలైనా మారి ఉండొచ్చంటే ఒక్కో పాస్‌వర్డ్‌కు దాదాపు 4 లక్షల రూపాలు. అలాంటివి 48 ఉంటే 1.9 కోట్లవుతాయి. బిట్‌కాయిన్ కోర్ ప్రతి ప్రయత్నానికీ వేల సార్లు హ్యాష్ అనే లెక్క చేయిస్తుంది కాబట్టి సెకనుకు 100 చూసే మెషీన్‌కు రెండు రోజులు పైనే పడుతుంది. ముందు ఒక్క తప్పుతో మొదలుపెట్టండి. ఆటోసేవ్ తప్పకుండా పెట్టుకోండి, కరెంటు పోయినా ఆగినచోటి నుంచే సాగుతుంది. మధ్యలో టోకెన్ లిస్టు మారిస్తే మాత్రం ఆ సేవ్ పనికిరాదు.

12 పదాల సీడ్‌కు, అంటే వాలెట్‌ను తిరిగి తెరిచే పదాల వరసకు, ఇందులోనే వేరే ప్రోగ్రాం ఉంది. ఈ పదాలు వచ్చే ప్రామాణిక జాబితా బిప్ 39లో 2048 పదాలు. ఏ స్థానమో తెలిసిన ఒక్క పదమే పోతే, చెక్‌సమ్ (పదాల వరస చెల్లుతుందో లేదో తేల్చే లెక్క) వడపోత తర్వాత మిగిలేవి సుమారు 128. అదే పదాలన్నీ ఉండి వరస తారుమారైతే 47.9 కోట్ల వరసలు, వడపోశాక కూడా దాదాపు 3 కోట్లు. పోల్చుకోవడానికి ఆ వాలెట్ పాత అడ్రస్ ఒకటి చేతిలో ఉంచుకోండి. ఎలక్ట్రమ్ సొంత సీడ్ బిప్ 39 కాదు, వాలెట్ రకం తప్పుగా ఎంచుకుంటే ఎన్ని రోజులు తిప్పినా దొరకదు.

టూల్ లోపమల్లా నల్ల తెరలో కమాండ్లు కొట్టాల్సి రావడమే. చేతకాక ఇంకొకరికి అప్పగించాల్సి వస్తే, బిట్‌కాయిన్ కోర్ ఫైల్లోంచి ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఉన్న, మాస్టర్ కీని మాత్రమే తీసిచ్చే స్క్రిప్టు ఇందులోనే ఉంది. దానితో వాళ్లు పాస్‌వర్డ్ వెతకగలరు, డబ్బు మాత్రం కదపలేరు. టెలిగ్రామ్‌లో పూర్తి ఫైలో, సీడో, ముందస్తు ఫీజో అడిగేవాళ్లకు ఏదీ ఇవ్వకండి. ఇచ్చి మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.