బరంపురంలో అమ్మే ఐరిష్ ప్రేమ కవిత్వం నోట్సు: 150 రూపాయలకు ఏం వస్తుంది?

ఎం.ఏ. ఇంగ్లీషు, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాసే తెలుగు పిల్లల కోసం ఒడిశాలోని బరంపురంలో ఒక జిరాక్సు షాపు అమ్ముతున్న తెలుగు నోట్సిది. స్పైరల్ బైండింగు, 84 పేజీలు. మొదటి 30 పేజీలకే డబ్బు గిట్టుతుంది.

అక్కడున్నది 18వ శతాబ్దపు ‘ఆష్లింగ్’ పద్యాల సంగతి. కవి కలలో ఒక సౌందర్యవతి కనబడుతుంది. ఆమే ఐర్లండు. సింహాసనం పోయి సముద్రం అవతలున్న స్టువర్ట్ వంశపు రాకుమారుడి కోసం ఎదురుచూస్తుంటుంది. దీని పక్కన నోట్సు ఒడిశా గీతం ‘వందే ఉత్కళ జననీ’ని, ‘మా తెలుగు తల్లికి’ని పెట్టింది. బరంపురం ఉన్న గంజాం జిల్లా పిల్లలకు రెండూ నోటికొచ్చినవే కదా! మనకు నేల తల్లి, దండ వేసి మొక్కుతాం. వాళ్లకు పరాయివాడి చేత చిక్కిన ప్రియురాలు. దేశభక్తి ప్రేమ పద్యంలోకి దూరింది ఈ దారినే. పరీక్షలో ఒక పేరా ఈ పోలికతోనే నిలబడుతుంది.

తర్వాత తప్పులు మొదలు. ఐరిష్‌లో బి, హెచ్ కలిస్తే ‘భ’ కాదు, చాలాచోట్ల ‘వ’. నోట్సులో కలల సుందరి ‘స్పేర్‌వాన్’ కాస్తా ‘స్పీర్భీన్’ అయింది. ఇంటిపేరు ముందు ‘ఓ’ ఉంటే మగవాడు, ‘నీ’ ఉంటే ఆ ఇంటి ఆడపడుచు. ఇది తెలియక ఐలీన్ డవ్ నీ కానల్‌ను ‘ఇతడు’ అని రాశారు! 1773లో భర్త ఆర్ట్ ఓ లీరీని కాల్చి చంపితే శోకగీతం కట్టింది ఆవిడే. ఆ చావు వెనక గుర్రం తగాదా ఉందంటారు: క్యాథలిక్కు గుర్రానికి ప్రొటెస్టెంటు ఎవరైనా 5 పౌండ్లు చేతిలో పెడితే అప్పగించి తీరాలన్న చట్టం నాటి మాట. ఆ గీతంలో స్త్రీ దేశానికి బొమ్మ కాదు, భర్త నెత్తురు దోసిట పట్టి తాగిన మనిషి. అలాంటిదానికి అర పేజీయా?

ఐర్లండే ముసలమ్మగా వచ్చే ‘కాథ్లీన్ నీ హూలిహన్’ నాటకం (1902) దగ్గర ఐరిష్ కవి యేట్స్ పేరొక్కటే ఉంది. కలిసి రాసిన లేడీ గ్రెగరీ ఏమైంది? స్త్రీ గురించిన నోట్సులో స్త్రీ పేరే ఎగిరిపోయింది.

ఐరిష్ కవి సీమస్ హీనీ రాసిన ‘యాక్ట్ ఆఫ్ యూనియన్’ను మామూలు దంపతుల కవితగా చదివారు. ఆ పేరు ఐర్లండును బ్రిటన్‌తో కలిపిన 1800 నాటి విలీన చట్టానిది. మాట్లాడే మగవాడు ఇంగ్లండు, గర్భిణి ఐర్లండు. ఈ ముక్క వదిలేస్తే మార్కులు పోతాయి. ఈవన్ బోలండ్‌కు నాలుగు వాక్యాలే. దేశాన్ని ఆడబొమ్మగా చేసే ఈ అలవాటును 1989లో ఒక వ్యాసంలో గట్టిగా నిలదీసిన ఐరిష్ కవయిత్రి ఆమె. ఆ వ్యాసం విడిగా సంపాదించుకోవాలి.

60వ పేజీ దాటాక అచ్చు మసక. షాపులోనే తిప్పి చూసి తీసుకోండి.