బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ, పొటాటో: ఏది మేలు?

పిల్లలను ఒడియా బడికో ఇంగ్లీషు బడికో పంపుతూ, ఇంట్లోనైనా తెలుగు నిలవాలని తాపత్రయపడే ఒడిశాలోని మా బరంపురం తల్లిదండ్రులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: పొటాటోను తెలుగులో ఏమని నేర్పాలి? మీ ఇంట్లో ఏమంటారో అదే నేర్పండి అంటూ ఇన్నాళ్ళూ దాటవేస్తూ వచ్చాను. మొన్న మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్ళికి విందు పట్టికను తెలుగులో అచ్చు వేయించే పని నా మీద పడేసరికి, దాటవేయడానికి వీలు లేకపోయింది. మగపెళ్ళివారిది కరీంనగర్, మా వదిన పుట్టిల్లు అనంతపురం, వంటవాళ్ళు ఒడియా వారు. ఒక్క వేపుడు పేరు దగ్గర నాలుగు మాటలు పోటీకి వచ్చాయి.

"పొటాటో ఫ్రై అని వేసేయండి, అందరికీ తెలుస్తుంది" అన్నవారే ఎక్కువ. తెలియడం నిజమే గాని, అందరూ తటస్థమనుకునే ఈ మాట నిజానికి వేరే దుంప పేరు. కరీబియన్ దీవులలోని టైనో ప్రజలు చిలగడదుంపను బటాటా అనేవారు, స్పెయిన్ నావికులు ఆ దుంపతోపాటు ఆ పేరునూ పట్టుకుపోయారు. మనం వేయించుకునే దుంప పుట్టిల్లు ఆండీస్ పర్వతాలు. నేటి పెరూ, బొలీవియా ప్రాంతాలలో వేల ఏళ్ళుగా దాన్ని పండిస్తున్న కెచువా భాషీయులకు అది పాపా. పదహారో శతాబ్దంలో రెండూ యూరప్ చేరాక పేర్లు కలగాపులగమయ్యాయి. ఇంగ్లీషులో పొటాటో అంటే మొదట చిలగడదుంపే కనుక, 1597లో జాన్ జెరార్డ్ తన మూలికా గ్రంథంలో కొత్త దుంపను వేరుగా చెప్పడానికి వర్జీనియా పొటాటో అని రాశాడు, ఆ దుంప పుట్టింది వర్జీనియాలో కాకపోయినా. క్రమంగా కొత్తగా వచ్చినది పేరంతా తనదే చేసుకోగా, పాతది పేరు ముందు స్వీట్ అని తగిలించుకుని బతకవలసి వచ్చింది. స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికాలో మాత్రం నేటికీ పాపాయే. పోర్చుగీసువారి బటాటా పడమటి తీరాన దిగి మరాఠీ, కొంకణి, గుజరాతీలలో స్థిరపడింది. తూర్పు తీరాన దాని ఊసు లేదు కాబట్టి మా పోటీలోకి అది రాదు.

ఉర్లగడ్డ సంగతి త్వరగా తేల్చవచ్చు. తమిళుల ఉరుళైక్కిళంగుకు చుట్టం, గుండ్రని దుంప అని అర్థం. ఉల్లిని ఎర్రగడ్డ అనే అనంతపురంలో దానితో ఏ ఇబ్బందీ లేదు. ఉల్లినే ఉల్లిగడ్డ అనే కరీంనగర్ చెవికి మాత్రం అది ఇంచుమించు ఉల్లిగానే వినబడుతుంది.

అసలు తూకం ఆలుకూ బంగాళాదుంపకూ మధ్యనే. ఆలు బలం తక్కువది కాదు. ఒడియా, బెంగాలీ, హిందీ భాషలు మూడింటిలోనూ అదే మాట. తెలంగాణలో గడ్డ చేర్చి ఆలుగడ్డ అంటారు, కన్నడిగులు ఆలూగడ్డె అంటారు. బరంపురం బజారులో మేము కూడా ఆలు అనే అడిగి కొంటాము, అలా అడిగినందుకు తెలుగుదనం తగ్గిందని ఎవరూ అనుకోరు. అయితే ఒక పేరు ఒక వస్తువునే చూపించాలి, పక్కనున్న మరో వస్తువును కాదు. నా మటుకు తీర్పు చెప్పేది ఈ గుణమే. ఆలు ఇక్కడే తడబడుతుంది. అమెరికా దుంప ఈ దేశంలో అడుగుపెట్టక చాలా ముందే సంస్కృతంలో ఆలు, ఆలుకం అన్న మాటలు వేరే దుంపలకు ఉన్నాయి, ఒడియాలో పెండలాన్ని ఈనాటికీ ఖంబ ఆలు అంటారు. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలో పొటాటోకు ప్రవేశం లేదు, టమాటాతోపాటు దాన్నీ విలాయతీ సరుకు కింద లెక్కగట్టి దూరం పెట్టారు. ఖంబ ఆలుకు ఆ నిషేధం లేదు. ఒకే పేరు పంచుకునే రెండు దుంపలలో ఒకటి గుడి వంటశాలలోకి పోతుంది, మరొకటి బయటే ఆగిపోతుంది. పిల్లవాడికి ఉత్త ఆలు అని నేర్పితే ఈ తేడా ఎలా తెలుస్తుంది?

తెలుగులో మరో చిక్కు కూడా ఉంది. ఆలు అంటే మనకు భార్య. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకునే జాతికి పెళ్ళి పట్టికలో "ఆలు వేపుడు" అని అచ్చు వేసి ఇస్తే, పందిట్లో ఆ పూటకు మరో వినోదం అక్కరలేదు. గడ్డ చేరిస్తే ఈ రెండో చిక్కు తీరుతుందని ఒప్పుకోవాలి. ఆ లెక్కన ఆలుగడ్డ గట్టి పోటీదారే, మా వియ్యాలవారి మాట కావడం దానికి అదనపు బలం.

ఇక బంగాళాదుంప. పొడుగు మాట అన్నది ఒక ఫిర్యాదు, బెంగాల్‌లో పుట్టని దుంపకు బెంగాల్ పేరేమిటన్నది రెండోది. బెంగాలీలకు ఈ పేరు చెబితే వాళ్ళూ నవ్వుతారు, వాళ్ళకు అది ఉత్త ఆలే. కానీ పేరు పుట్టినచోటునే చెప్పాలని ఎక్కడుంది? వచ్చిన దారి చెప్పినా చాలు. జపాను వారు దీన్ని జగాఇమో అంటారు. జకార్తా దుంప అని దానర్థం, డచ్చి ఓడలలో అటునుంచి వచ్చినందుకు ఆ పేరు. మన బెంగుళూరు వంకాయ స్వస్థలం మెక్సికో వైపు, అయినా ఆ పేరుతో ఎవరికీ పేచీ లేదు. పైగా మా గంజాం జిల్లాలో బంగాళాదుంప అన్న మాట చరిత్రగా మిగిలిపోలేదు, నేటి బజారు వార్తలాగే ఉంటుంది. ఒడిశా తినే దుంపలలో చాలా భాగం ఇప్పటికీ పశ్చిమ బెంగాల్ నుంచే వస్తాయి. 2024లో ఆ ప్రభుత్వం పొరుగు రాష్ట్రాలకు దుంపల రవాణాపై ఆంక్షలు పెడితే లారీలు సరిహద్దులో నిలిచిపోయాయి, ఇక్కడ ధర కిలో 50 రూపాయలదాకా పోయింది. ఆ రోజులలో బంగాళాదుంప అన్న పేరుకు అర్థం ఏ పిల్లవాడికీ విడమరచి చెప్పవలసిన అవసరం కలగలేదు.

ఫ్రెంచివారు, డచ్చివారు, పారసీకులు దీన్ని నేల ఆపిల్ అన్నారని, మనమూ అలాంటి మాటొకటి కల్పించుకుందామని సలహా ఇచ్చిన మిత్రుడున్నాడు. ఉన్నవే నాలుగుండగా ఐదోది దేనికి?

అందుచేత ఇప్పుడు అడిగేవారికి నా జవాబు ఇది: ఇంట్లో, రాతలో బంగాళాదుంప అని నేర్పండి, బజారులో ఆలు అని అడిగితే అడగనివ్వండి. వంటకాల పేర్ల జోలికి మాత్రం పోకండి. ఒడిశాలో పుట్టిపెరిగిన వాడెవడూ ఆలూదమ్‌ను బంగాళాదుంప దమ్ అంటే సహించడు.

పట్టికలో చివరకు "బంగాళాదుంప వేపుడు" అనే అచ్చయింది, దాని కిందనే ఆలూదమ్ కూడా ఉంది. వంటవాళ్ళ సరుకుల చీటీలో మాత్రం రెండింటికీ కలిపి ఒకే వరుస, ఆలు 60 కిలోలు అని. పంక్తిలో కరీంనగర్ వియ్యపురాలు పట్టిక చదువుకుని, "వదినగారూ, బంగాళాదుంప అంటే మా ఆలుగడ్డే గదా?" అని మా వదినను అడిగారు. అవునని చెప్పేలోపే ఆవిడ విస్తట్లో వేపుడు రెండోసారి పడింది.