గ్నూ లిబ్‌టూల్: డాట్ ఏ ఫైలును డాట్ ఎస్‌ఓలో కలిపే పనికి ఎంతవరకు నమ్మొచ్చు

రకరకాల సిస్టమ్‌లలో ఒకే తీరున లైబ్రరీలు కట్టిపెట్టే పనిముట్టు లిబ్‌టూల్. దాన్ని తిట్టుకోనివాళ్లు తక్కువ. కానీ పోర్టింగ్‌లో, అంటే కోడ్‌ను వేరే సిస్టమ్‌కు మార్చేటప్పుడు, అది మొరాయించిందంటే చాలాసార్లు తప్పు దానిది కాదు, దాని చేతికిచ్చిన డాట్ ఏ ఫైలుది.

డాట్ ఏ, అంటే స్టాటిక్ ఆర్కైవ్, కంపైలైన ఆబ్జెక్ట్ ఫైళ్ల మూట, అంతే. డాట్ ఎస్‌ఓ అంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లోడయ్యే షేర్డ్ లైబ్రరీ. ఆ ఆబ్జెక్టులు ఎఫ్‌పిక్ ఫ్లాగ్ (మెమరీలో ఎక్కడ లోడైనా నడిచే కోడ్ ఇచ్చేది) లేకుండా కంపైలైతే, వాటిని డాట్ ఎస్‌ఓలో కలిపేటప్పుడు 64 బిట్ ఎక్స్86 లినక్స్‌లో లింకర్ ఆర్_ఎక్స్86_64_32 రీలొకేషన్ (చిరునామా సర్దుబాటు) కుదరదని చెప్పి ఆగిపోతుంది. 32 బిట్ ఎక్స్86లో మాత్రం అదే కోడ్ మామూలుగా లింకైపోతుంది, లైబ్రరీలో టెక్స్ట్‌రెల్ ముద్ర (లోడయ్యేటప్పుడు కోడ్‌నే సరిదిద్దాలన్న గుర్తు) మిగులుతుంది. ఏపీఐ 23, ఆపైన టార్గెట్ చేసే ఆండ్రాయిడ్ యాప్‌లలో ఆ లైబ్రరీ లోడే కాదు. విండోస్ డీఎల్‌ఎల్‌లకు ఎఫ్‌పిక్ గొడవే లేదు. అందుకే ఒకచోట లింకైందని ఇంకోచోట అవుతుందనుకోకండి. లైబ్రరీ లోపలి వివరాలు చూపే రీడెల్ఫ్‌ను డి ఆప్షన్‌తో నడిపి టెక్స్ట్‌రెల్ ఉందేమో చూసుకోండి.

లిబ్‌టూల్ గొప్పగా పనిచేసేది సొంత సోర్సు దగ్గర. మేక్‌ఫైళ్లు తయారుచేసే ఆటోమేక్‌లో నోఇన్‌స్ట్_ఎల్‌టీలైబ్రరీస్ కింద పేరు రాస్తే చాలు, ఎఫ్‌పిక్ ఆబ్జెక్టులతో ఆర్కైవ్ కట్టి, లినక్స్‌లో హోల్-ఆర్కైవ్‌తో, సొలారిస్‌లో ఆల్‌ఎక్స్‌ట్రాక్ట్‌తో మొత్తం లోపలికి లాగుతుంది. అలాంటి ఫ్లాగ్ లేనిచోట మూట విప్పి ఆబ్జెక్టులనే ఇస్తుంది. మీరు రాసేది ఒకే వరుస. ఈ ఒక్క సౌకర్యానికే దీన్ని వాడొచ్చు. ప్రతి సోర్సూ రెండుసార్లు కంపైలవుతుందని విసుగైతే కాన్ఫిగర్ స్క్రిప్టుకు డిసేబుల్-స్టాటిక్ ఇవ్వండి.

బయటి డాట్ ఏ ఇస్తే కథ మారుతుంది. లినక్స్‌లో "ఇది పోర్టబుల్ కాదు" అని హెచ్చరించి లింక్ చేసేస్తుంది. విండోస్‌కు కంపైల్ చేసే మింగ్‌డబ్ల్యూ లాంటి చోట షేర్డ్ రూపం దొరకలేదని ఆ ఆర్కైవ్‌ను లింక్ వరుసలోంచి తీసేస్తుంది, చివర్లో అన్‌డిఫైన్డ్ సింబల్స్ (ఎక్కడా దొరకని ఫంక్షన్, వేరియబుల్ పేర్లు) వరదలా వస్తాయి. పైగా నో-అన్‌డిఫైన్డ్ ఫ్లాగ్ ఇవ్వకపోతే డీఎల్‌ఎల్ జోలికే పోదు, స్టాటిక్ లైబ్రరీ ఒక్కటే కడుతుంది. సోర్సు దొరికితే దాన్ని మీ చెట్టులోకి తెచ్చి నోఇన్‌స్ట్ లైబ్రరీగా మార్చడమే సరైన దారి.

సోర్సు లేక, ఆ ఆర్కైవ్ మొత్తం కావాల్సివస్తే హోల్-ఆర్కైవ్, ఫైలు దారి, నో-హోల్-ఆర్కైవ్ మూడింటినీ కామాలతో కలిపి ఒకే డబ్ల్యూఎల్ (లింకర్‌కు నేరుగా అందే) ఆర్గ్యుమెంటుగా ఇవ్వండి. విడివిడిగా ఇస్తే లిబ్‌టూల్ వాటి క్రమం మార్చేస్తుంది, ఆర్కైవ్ ఫ్లాగుల మధ్య ఉండదు. చివరిది మరిస్తే ఆ తర్వాత కంపైలర్ తనంతట చేర్చే సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీ కూడా పూర్తిగా లోపలికొస్తుంది. ఆ సింబల్స్ బయటికి కనిపించనక్కర్లేదంటే ఎక్స్‌క్లూడ్-లిబ్స్ లింకర్ ఆప్షన్‌కు ఆల్ ఇవ్వండి.

పాత టార్‌బాల్స్‌తో (సోర్సు ప్యాకేజీలతో) మాత్రం జాగ్రత్త. లిబ్‌టూల్ స్క్రిప్టులు వాటిలోనే ఉంటాయి కాబట్టి మెషీన్‌లో కొత్తది వేసినా బిల్డ్ మారదు. 2015 నాటి 2.4.6 స్క్రిప్టులు మ్యాక్‌ఓఎస్ 11ను తొలితరం ఓఎస్‌ఎక్స్‌గా పొరబడి ఫ్లాట్ నేమ్‌స్పేస్‌తో (ఏ సింబల్ ఏ లైబ్రరీదో గుర్తుపెట్టుకోని పద్ధతితో) లింక్ చేస్తాయి. 2022లో వచ్చిన 2.4.7లో ఇది సరిచేశారు. దాన్ని వేసుకుని స్క్రిప్టులను మళ్లీ తయారుచేసే ఆటోరీకాన్ఫ్‌ను ఎఫ్, ఐ ఆప్షన్లతో నడిపాకే కాన్ఫిగర్ చేయండి. మ్యాక్ ప్యాకేజీ మేనేజర్ హోమ్‌బ్రూతో వేసుకుంటే దాని కమాండ్ పేరు జీలిబ్‌టూల్. మ్యాక్‌లో ముందే ఉన్న లిబ్‌టూల్ ఆపిల్ వాళ్ల వేరే పనిముట్టు.